భూకంప స్టేషన్‌లో పాత సెన్సార్ మార్చడానికి అన్నేళ్లు ఎందుకు పడుతుంది?

ప్రపంచవ్యాప్త భూకంప నెట్‌వర్క్ నడిపే బృందంలో కొత్తగా చేరిన ఒక ఇంజనీర్ అడిగిన ప్రశ్న ఇది. "జేబులో ఉన్న ఫోన్‌కి కూడా కదలికను పట్టే సెన్సార్ ఉంది కదా, ప్రపంచం మొత్తానికి ఓ 150 స్టేషన్లు పెట్టుకుని వాటి మీద ఇంత ఖర్చు దేనికి? పోనీ ఆధునికీకరణ అంటున్నారు, పాతది తీసి కొత్తది పెట్టడమేగా, దానికి ఏళ్లకు ఏళ్లు ఎందుకు?"

చాలా కాలంగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. రెండోదానికే ఎక్కువ చెప్పాలి.

ఫోన్లను నేను తక్కువ చేయను. పక్కనే పెద్ద భూకంపం వస్తే వేల ఫోన్లు ఒకేసారి ఊగుతాయి. ఆ సమాచారాన్ని వెంటనే పోగుచేస్తే దూరంగా ఉన్నవాళ్లను కొన్ని సెకన్ల ముందు హెచ్చరించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లతో గూగుల్ 2020 నుంచి ఈ పని చేస్తోంది, మంచి పని. కానీ భూకంప స్టేషన్ వినేది వేరు. సందడి లేని గట్టి రాతి మీద కట్టిన మంచి స్టేషన్‌లో, ఒక సెకను ఆవర్తన కాలం (ఒక ఊగు పూర్తవడానికి పట్టే సమయం) దగ్గర, నేల మామూలుగా కదిలేది నానోమీటరులో పదో వంతు స్థాయిలో. ఇంచుమించు ఒక పరమాణువు వెడల్పంత. ఫోన్ సెన్సార్‌లో దాని సొంత ఎలక్ట్రానిక్ నాయిస్ ఇంతకు లక్ష రెట్లకు పైనే ఉంటుంది. ఎక్కువ ఫోన్లు కలిపితే సరిపోదా అంటారేమో. సగటు తీస్తే నాయిస్ తగ్గేది ఫోన్ల సంఖ్యకు వర్గమూలం మేరకే. లక్ష ఫోన్లు కలిపినా తగ్గేది మూడు వందల రెట్లు మాత్రమే.

ఇది ఒక సెకను దగ్గరి లెక్క. నిమిషాల కొద్దీ సాగే నెమ్మది కదలికల దగ్గరికి వస్తే ఫోన్ మాటే ఎత్తనక్కర్లేదు. 2023 సెప్టెంబర్ 16న తూర్పు గ్రీన్‌లాండ్‌లోని డిక్సన్ ఫియర్డ్‌లో ఒక కొండభాగం కూలి నీళ్లలో పడింది. ఆ సమయంలో అక్కడ చూసినవాళ్లెవరూ లేరు. ఇరుకైన ఆ జలమార్గంలో నీళ్లు ఆ గట్టు నుంచి ఈ గట్టుకు ఊగుతూ ఉండిపోయాయి. దాదాపు 92 సెకన్లకోసారి వచ్చే ఒకే ఒక అల, తొమ్మిది రోజుల పాటు ప్రపంచమంతటా సీస్మోమీటర్ల (నేల కదలికను పట్టే సెన్సార్ల) మీద కనిపించింది. మొదట అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. తర్వాత ఉపగ్రహ చిత్రాలు, నీటి కదలికల లెక్కలు కలిపి చూసి తేల్చారు. ప్రపంచం చుట్టూ ఇలాంటి నెమ్మది కదలికలను పట్టే లాంగ్ పీరియడ్ స్టేషన్లు లేకపోయి ఉంటే ఆ నీళ్లు అన్ని రోజులు ఊగాయన్న సంగతే మనకు తెలిసేది కాదు.

ప్రాణాలతో ముడిపడిన సంగతి ఇంకొకటుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా భూకంపం వచ్చిన పావుగంటకు పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం చెప్పిన తీవ్రత 8.0. గంట దాటాక 8.5 అన్నారు. చివరికి 9.1గా తేలింది. అంకెల్లో తేడా ఒకటిన్నర కూడా లేదు, కానీ విడుదలైన శక్తి లెక్కలో 8.0కీ 9.1కీ మధ్య 40 రెట్లకు పైగా తేడా ఉంది. అంత పెద్ద భూకంపం అసలు పరిమాణం వందల సెకన్ల ఆవర్తన కాలమున్న తరంగాల్లోనే తెలుస్తుంది. హిరూ కనమోరి, లూయీ రివేరా 2008లో డబ్ల్యూ ఫేజ్ అనే అలాంటి తరంగంతో తీవ్రత లెక్కగట్టే పద్ధతి చూపించాక, ఇప్పుడు అరగంట లోపే నమ్మదగ్గ అంచనా వస్తోంది. అయితే ఆ తరంగాన్ని చెడగొట్టకుండా రాసిపెట్టే సెన్సార్ ఉండాలి, డేటా అప్పటికప్పుడు అందాలి. ఖర్చు ఇందుకే.

ఇక రెండో ప్రశ్న. దీనికి కాస్త వెనక్కి వెళ్లాలి.

1889 ఏప్రిల్‌లో ఎర్న్‌స్ట్ ఫాన్ రెబ్యోర్-పాష్‌విట్జ్ జర్మనీలో పెట్టిన సున్నితమైన లోలకాల మీద జపాన్ భూకంపం నమోదైంది. దూరంలోని భూకంపానిదిగా గుర్తుపట్టిన మొదటి రికార్డు అదేనని చెబుతారు. తర్వాత దేశదేశాల్లో అబ్జర్వేటరీలు వచ్చాయి. కానీ ఒక్కో చోట ఒక్కో పరికరం, ఒక్కో గడియారం, ఒక్కో లెక్క. రెండు చోట్ల రికార్డుల్ని పక్కపక్కన పెడితే, తేడా భూమిలో ఉందో పరికరంలో ఉందో చెప్పలేని పరిస్థితి. 1960ల మొదట్లో అమెరికా డబ్ల్యూడబ్ల్యూఎస్ఎస్ఎన్ (ప్రపంచవ్యాప్త ప్రామాణిక భూకంప నెట్‌వర్క్) అనే నెట్‌వర్క్ కట్టింది. భూగర్భ అణుపరీక్షలను పట్టుకోవాలన్నది దాని ఉద్దేశం. సుమారు 120 స్టేషన్లు. అన్ని చోట్లా ఒకే రకం సెన్సార్లు, ఒకే రకం గడియారం, పరికరం ఎంత పెంచి చూపిస్తోందో సరిచూసుకోవడానికి రోజూ రికార్డు మీద పడే కాలిబ్రేషన్ గుర్తు. ఫొటోగ్రాఫిక్ కాగితాలు పోస్టులో వెళ్లేవి, ఫిల్ముకెక్కించి స్టేషన్‌కు తిరిగి పంపేవారు, కాపీలు అడిగినవాళ్లకు దొరికేవి.

ఆ కాగితాల మీదే లిన్ సైక్స్ 1967లో మహాసముద్రాల నడిమి పర్వతశ్రేణుల దగ్గర పగుళ్లు ఏ దిశలో జారుతున్నాయో చదివారు. 1968లో ఐజాక్స్, ఆలివర్, సైక్స్ ముగ్గురూ కలిసి భూకంపాలన్నిటినీ పలకల కదలికతో ముడిపెట్టారు. అణుపరీక్షల కోసం కట్టిన నెట్‌వర్క్‌తో భూమి పైపొర కదిలే తీరు తెలిసింది. అది సాధ్యమైంది సెన్సార్ గొప్పదైనందుకు కాదు. అన్ని చోట్లా ఒకేలా ఉండి, ఎలా ఉందో లెక్క తెలిసి ఉన్నందుకు.

మీరు చేరిన గ్లోబల్ సీస్మోగ్రాఫిక్ నెట్‌వర్క్, మనం జీఎస్‌ఎన్ అనేది, ఆ వారసత్వమే. 1984లో అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి ఐరిస్ సంస్థ పెట్టుకున్నాక డిజిటల్ కాలానికి తగ్గట్టు కట్టారు. సుమారు 150 స్టేషన్లలో మూడింట రెండొంతులు అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి ఆల్బుకెర్కీ ప్రయోగశాల చూసుకుంటుంది, ఓ నలభై స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలోని ఐడా బృందం చూసుకుంటుంది. 2023 జనవరిలో ఐరిస్, భూమి ఆకారాన్నీ కదలికనూ కొలిచే పరిశోధకుల సంస్థ యునావ్‌కో కలిసి ఎర్త్‌స్కోప్ కన్సార్షియం అయ్యాయి. ఫ్రాన్స్ వారి జియోస్కోప్, జర్మనీ వారి జియోఫాన్ లాంటి వేరే దేశాల నెట్‌వర్క్‌లు పక్కన ఉన్నాయి. అణుపరీక్షల నిషేధ ఒప్పందం కింద 50 ప్రధాన, 120 సహాయక భూకంప స్టేషన్లకు ఏర్పాటుంది. మన స్టేషన్లు కొన్ని ఆ సహాయక జాబితాలో కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం బాగా మనసులో పెట్టుకోండి. సీస్మోమీటర్ మనకిచ్చేది నేల కదలిక కాదు, అంకెలు. ఆ అంకెను సెకనుకు ఇన్ని మీటర్లు అని మార్చడానికి ఆ పరికరం స్పందన తెలియాలి. ఏ ఆవర్తన కాలం దగ్గర ఎన్ని రెట్లు పెంచుతుంది, ఎంత ఆలస్యం చేస్తుంది, ఏ దిక్కుకు చూస్తోంది అన్నవి తెలియాలి. స్పందన తప్పు రాసుకుంటే డేటా మొత్తం తప్పే. పైగా ఆ తప్పు కంటికి కనబడదు.

దీనికి ఎస్‌టీఎస్-1 కథ వినాలి. ఎర్హార్డ్ వీలాండ్, గునార్ స్ట్రెకైసెన్ తయారుచేసిన ఈ సెన్సార్ ఎన్నో ఏళ్లు జీఎస్‌ఎన్‌కు వెన్నెముక. 360 సెకన్ల దాకా నేల వేగాన్ని ఒకే తీరుగా చూపిస్తుంది, అంతకు మించిన కదలికలను కూడా పడుతుంది. ఒక్కో దిక్కుకు ఒక్కో పరికరం. గాజు గంట కింద పెట్టి లోపలి గాలి తీసేస్తారు. నిలువు సెన్సార్ చుట్టూ అయస్కాంత క్షేత్రం తగలకుండా ప్రత్యేక లోహపు కవచం ఉంటుంది. 2004 సుమత్రా భూకంపం తర్వాత భూమి మొత్తం గంటలా మోగినప్పుడు, 54 నిమిషాలకోసారి వచ్చే అతి నెమ్మది ఊగును శుభ్రంగా రాసిపెట్టినవాటిలో ఇలాంటి సెన్సార్లు ఉన్నాయి. దీని తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

2006లో యోరన్ ఎక్‌స్ట్రోమ్, కాలీన్ డాల్టన్, మెరిడిత్ నెటిల్స్ ఒక పని చేశారు. పెద్ద భూకంపాలకు ఏ స్టేషన్‌లో ఎంత కదలిక రావాలో లెక్కకట్టి, నిజంగా వచ్చిన రికార్డులతో పోల్చారు. కొన్ని స్టేషన్లలో లాంగ్ పీరియడ్ గెయిన్, అంటే నెమ్మది కదలికలను ఎన్ని రెట్లు పెంచి చూపిస్తోందన్నది, ఏళ్ల తరబడి మారుతూ వస్తోందని తేలింది. ఆ స్టేషన్లు పైకి బాగానే కనిపించేవి. డేటా వస్తోంది, గడియారం సరిగ్గా ఉంది, భూకంపాలు చక్కగా కనిపిస్తున్నాయి. అంకె మాత్రం రాసుకున్న స్పందనకు సరిపోవడం లేదు. వెతుక్కుంటూ వెళితే కారణం చాలావరకు తేమ. కనెక్టర్లలోకి, ఎలక్ట్రానిక్స్ పెట్టెలోకి మెల్లగా చేరిన తేమ కొంచెం కొంచెం కరెంటును దారి మళ్లించి స్పందనను మార్చేసింది. సెన్సార్‌లో లోపం లేదు, దానికి తగిలించిన తీగ మూలాన వచ్చిన తిప్పలు ఇవి.

ఇది ఎందుకంత పెద్ద విషయమంటే, భూగర్భంలో ఎక్కడ తరంగాలు ఎక్కువ బలహీనపడుతున్నాయో మనం చదివేది రికార్డులోని తరంగాల ఎత్తుల్ని బట్టే. గెయిన్ పది శాతం తప్పితే, ఆ పది శాతం భూమిలోపలి వేడికో పదార్థానికో అంటగడతారు. ఎవరో ఒక విద్యార్థి కొన్నేళ్లు దాని మీద పనిచేసి, కనెక్టర్‌లోని తేమను భూగర్భంలో కనిపెట్టినట్టవుతుంది. తలచుకుంటేనే బాధగా ఉంటుంది నాకు.

ఈ గొడవ నుంచి మంచి అలవాట్లు వచ్చాయి. వాటిలో నాకు బాగా ఇష్టమైనది పోటుపాట్ల పరీక్ష. చంద్రుడి లాగుడుకు గట్టి నేల కూడా 12 గంటల 25 నిమిషాలకోసారి పైకి కిందకి కదులుతుంది. ఏ చోట ఎంత కదలాలో చాలా నికరంగా లెక్కకట్టొచ్చు. పీటర్ డేవిస్, జోనథన్ బెర్గర్ 2007లో దీంతోనే జీఎస్‌ఎన్ స్టేషన్ల గెయిన్‌ను సరిచూశారు. ఎవరూ స్టేషన్‌కు వెళ్లకుండా, ఏమీ తగిలించకుండా చేసే పరీక్ష ఇది. మీకు తీరిక దొరికిన మొదటి వారంలోనే దీన్ని సొంతంగా నడపడం నేర్చుకోండి.

ఇప్పుడు మార్పు దగ్గరికి వద్దాం. ఎస్‌టీఎస్-1 స్థానంలో ఇప్పుడు వస్తున్నవి ఎస్‌టీఎస్-6, ట్రిలియం 360 లాంటివి. వీటిలో బోర్‌హోల్ రకాలు ఎక్కువ, అంటే నేలలో వంద మీటర్ల దాకా బోరు వేసి అడుగున దింపేవి. లోతుకు వెళ్లడానికి పెద్ద కారణం వాలు. గాలి పీడనం మారినప్పుడల్లా నేల ఉపరితలం కంటికి తెలియనంతగా వాలుతుంది. అడ్డదిక్కు సెన్సార్‌కు (నేలకు సమాంతరమైన కదలికను కొలిచేదానికి) వాలు వల్ల వచ్చే గురుత్వ భాగానికీ అసలైన త్వరణానికీ తేడా తెలియదు, రెండూ ఒకేలా కనిపిస్తాయి. వంద మీటర్ల కింద ఈ బెడద చాలా తగ్గుతుంది. పట్టణాల సందడి, ఎండ వేడిమి కూడా అక్కడికి అంతగా చేరవు. దక్షిణ ధ్రువం దగ్గర క్యూఎస్‌పీఏ స్టేషన్‌ను ధ్రువ కేంద్రం సందడికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, మంచులో 250 నుంచి 300 మీటర్ల లోతున పెట్టారు. సెకనులోపు ఆవర్తన కాలాల దగ్గర భూమ్మీద ఉన్న అతి ప్రశాంతమైన చోట్లలో అది ఒకటి.

బోరులో దింపడంతో ఇంకో చిక్కు వస్తుంది. సెన్సార్ తాడు చివర తిరుగుతూ దిగుతుంది. అడుగున కూర్చున్నాక దాని ఉత్తరం ఎటుందో మీకు కనిపించదు. అందుకే పైన, దిక్కు కచ్చితంగా తెలిసిన ఇంకో సెన్సార్ పెట్టి, రెండింటిలో పడ్డ సముద్రపు అలల నాయిస్‌ను పోల్చి కోణం లెక్కకడతారు. ఆ పై సెన్సార్ దిక్కును దిక్సూచితో పెడితే చుట్టుపక్కల ఇనుము వల్ల కొన్ని డిగ్రీలు పోతుంది, అందుకే ఇప్పుడు అయస్కాంతంతో పని లేకుండా దిక్కు కొలిచే ఫైబర్ జైరో వాడుతున్నారు. రెండు మూడు డిగ్రీలే కదా అనిపించవచ్చు. కానీ తరంగం ఎటు నుంచి వంగి వచ్చిందో కొలిచి భూగర్భాన్ని చదివేవాళ్లకు ఆ రెండు మూడు డిగ్రీలే కావాలి.

పాతది తీసేముందు చేయాల్సింది చాలా ఉంది, అసలు ఆలస్యమంతా ఇక్కడే. ముందు పాత సెన్సార్‌కు చివరి కాలిబ్రేషన్ చేయాలి. ఆ పని చేయకుండా తీసేస్తే, అంతకు ముందు గడిచిన ఏళ్ల డేటాను సరిదిద్దే దారి మూసుకుపోతుంది. తర్వాత కొత్తది పక్కనే పెట్టి రెండూ కలిపి నడపాలి. కొన్ని వారాలైనా, వీలైతే కొన్ని నెలలు. ఆ వ్యవధిలో దూరాన ఒకటి రెండు పెద్ద భూకంపాలు రావాలి, పోటుపాట్లు తేలేంత డేటా రావాలి. రెండు రికార్డులు ఏ ఆవర్తన కాలాల దగ్గర కలుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూడాలి. మూడో సెన్సార్ కూడా ఉంటే మరీ మంచిది. రెండే ఉంటే తేడా కనిపిస్తుంది గానీ తప్పు ఎవరిదో చెప్పలేం, మూడోది ఉంటే చెప్పగలం. వాల్ట్ (సెన్సార్లు పెట్టే గది) తలుపు తీసిన ప్రతిసారీ లోపలి ఉష్ణోగ్రత సర్దుకోవడానికి రోజులు పడుతుంది, లాంగ్ పీరియడ్ అడ్డదిక్కులు కుదురుకోవడానికి ఇంకా ఎక్కువే. పెట్టిన మర్నాడు డేటా చూసి కొత్త సెన్సార్ బాగాలేదని తీర్పు చెప్పేవాళ్లను చూశాను. దానికి కాస్త సమయం ఇవ్వాలి.

ఇక మెటాడేటా, అంటే డేటా గురించిన వివరాల సంగతి. కొత్తది పెట్టిన రోజునే కొత్త లొకేషన్ కోడ్ (స్టేషన్‌లో ఏ సెన్సార్ డేటానో చెప్పే గుర్తు), కొత్త స్పందన, మొదలైన తేదీ, గంట, నిమిషం నమోదు కావాలి. తిరిగి వచ్చాక ఆఫీసులో రాస్తానన్నది పనికిరాదు. ముప్పై ఏళ్ల తర్వాత ఈ డేటా తీసే మనిషికి మిమ్మల్ని ఫోన్ చేసి అడిగే వీలుండదు. సీరియల్ నంబర్లు, తీగల ఫొటోలు, డిజిటైజర్ (సెన్సార్ సంకేతాన్ని అంకెలుగా మార్చే పరికరం) సెట్టింగులు అన్నీ స్టేషన్‌లో ఉండగానే పంపేయండి.

డిజిటైజర్, గడియారం విషయం తేలికగా చెప్పేస్తాను. అక్కడ మార్పు తేలికే, కొత్తవి నిజంగానే మెరుగు. 24 బిట్ల పైన డిజిటైజర్లు వచ్చాక చిన్న కదలిక, పెద్ద కదలిక రెండూ ఒకే రికార్డులో ఇముడుతున్నాయి. అయినా పక్కన బలమైన కదలికను పట్టే యాక్సెలరోమీటర్ తప్పకుండా ఉండాలి, లేకపోతే దగ్గర్లో పెద్దది వచ్చినప్పుడు ప్రధాన సెన్సార్ పరిధి దాటిపోయి ఏమీ మిగలదు. గడియారంలో మాత్రం ఒక జాగ్రత్త, అది సమయాన్ని జీపీఎస్ రిసీవర్ నుంచి తీసుకుంటుంది కాబట్టి. జీపీఎస్ వారాల లెక్క పది బిట్లలో ఉండడం వల్ల 1,024 వారాలకోసారి సున్నాకి వస్తుంది, 2019 ఏప్రిల్ 6న అలా వచ్చింది. పాత రిసీవర్ ఇలాంటప్పుడు తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపించగలదు. సెన్సార్‌కు పెట్టిన డబ్బులో పిసరంత రిసీవర్ల మీద కూడా పెట్టాలి.

స్టేషన్ ఆగిపోవడానికి చాలాసార్లు సెన్సార్ కారణం కానే కాదు. పిడుగు పడి తీగ వెంట వచ్చిన కరెంటు, అయిపోయిన బ్యాటరీ, ఉప్పుగాలికి తినేసిన యాంటెన్నా బోల్టు, కస్టమ్స్‌లో నెలల తరబడి ఆగిన పెట్టె, మారిపోయిన ఉపగ్రహ లైసెన్సు, ఇవే ఎక్కువ. పసిఫిక్ దీవుల్లో ఓడ ఎప్పుడొస్తే అప్పుడే విడిభాగం. అక్కడ స్టేషన్‌ను బతికించేది స్థానికంగా చూసుకునే మనిషి. ఒక టీచరో, వాతావరణ కార్యాలయ ఉద్యోగో, అబ్జర్వేటరీ సాంకేతికుడో వారానికోసారి వెళ్లి తలుపు తీసి లైట్లు చూసి, నీళ్లు చేరాయేమో చూసి ఫోన్ చేస్తారు. వాళ్లకు డేటా ఎలా చూడాలో నేర్పండి, వాళ్ల స్టేషన్‌లో ఏ భూకంపం నమోదైందో తెలియజేయండి, వాళ్ల సంస్థకు డేటా నేరుగా అందేలా చేయండి. డేటా అందరికీ తెరిచి ఉండాలన్న నియమం జీఎస్‌ఎన్‌లో మొదటి నుంచీ ఉంది. ఆతిథ్యమిచ్చే దేశానికి తన స్టేషన్ డేటా అందరికంటే ముందు, సులువుగా అందితేనే ఆ నియమం నిలబడుతుంది.

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కడ పెట్టాలి అని మీరు ఎలాగూ అడుగుతారు. ఉన్న స్టేషన్లను బాగుచేయడానికే ముందు ఓటు వేస్తాను. భూమ్మీద కొత్త స్టేషన్ కంటే, ముప్పై ఏళ్ల రికార్డున్న పాత స్టేషన్ ఆగకుండా నడవడం విలువైనది. ఆ ముప్పై ఏళ్లు ఎవరూ డబ్బిచ్చి కొనలేరు. కొత్తగా పెట్టాల్సిన చోటంటూ ఉంటే అది సముద్రపు అడుగు. భూమిలో మూడింట రెండొంతులకు పైగా నీళ్ల కింద ఉంది, మన స్టేషన్లేమో నేల మీద, దీవుల మీద. దక్షిణార్ధ గోళంలో ఖాళీలు చాలా పెద్దవి. జపాన్ తన పసిఫిక్ తీరం వెంట చాలా చోట్ల సముద్రపు అడుగున కేబుల్‌తో కలిపిన స్టేషన్లు పెట్టుకుంది. టెలికాం కేబుళ్ల రిపీటర్లలో (దారిలో సంకేతాన్ని బలపరిచే పెట్టెల్లో) సెన్సార్లు అమర్చే స్మార్ట్ కేబుల్ ఆలోచన ముందుకు సాగుతోంది. అది గట్టెక్కాలని నేను మనసారా కోరుకుంటున్నాను. అయితే అక్కడ కూడా ఇదే ప్రశ్న వస్తుంది: ఒకసారి నీళ్లలో దింపాక ఆ సెన్సార్ స్పందన మారిందో లేదో ఎలా తెలుస్తుంది? సగం జవాబు పోటుపాట్లలోనే ఉంది.

మీరు ముందుగా చేయాల్సిన పని ఒకటి చెబుతాను. మీ జాబితాలో మార్చబోతున్న మొదటి స్టేషన్ తీసుకోండి. గత పదేళ్లలో అక్కడ నమోదైన పెద్ద భూకంపాలకు లెక్కకట్టిన తరంగాలతో రికార్డులు పోల్చండి, పోటుపాట్ల గెయిన్‌ను నెలవారీగా గీయండి. గీత నేరుగా ఉంటే చివరి కాలిబ్రేషన్ చేసి మార్పు మొదలుపెట్టొచ్చు. ఎక్కడైనా వంగితే, ముందు ఆ తేదీ దగ్గర స్టేషన్ లాగ్ పుస్తకం తెరిచి ఎవరు ఏం ముట్టుకున్నారో చూడండి. ఆ కారణం దొరికేదాకా పాత సెన్సార్‌ను కదిలించకండి.